కలం కొడితే కల్లం!

కొత్త ఫోను. పెట్టె విప్పి గంట కూడా కాలేదు. తెర కింద వరసగా బటన్లు, వాటి మీద ఇంగ్లిషు అక్షరాలు. చాలామంది తెలుగువాళ్లలాగే ఆ ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు కొట్టే అలవాటు. 'కలం కొన్నాను' అని కొడితే తెర మీద 'కల్లం కొన్నాను' అని పడింది. 'మంచి కల వచ్చింది' అని రాయబోతే కల కాస్తా కల్ల అయి కూర్చుంది. చెరిపి మళ్లీ కొడితే సరిగ్గానే పడింది. మూడోసారి మళ్లీ రెండు 'ఎల్'లు.

ఇంగ్లిషులో ఒక అక్షరం అదనంగా పడితే అచ్చుతప్పని సర్దుకుని చదువుకుంటారు. తెలుగులో అలా కుదరదు. ఇక్కడ ఒత్తు పడితే మాటే మారిపోతుంది. రాసేందుకు పనికొచ్చే కలం, ధాన్యం నూర్చే కల్లం అవుతుంది. అందుకే బటన్ల ఫోనులో ఒక్క మీట చెడితే మిగతావాళ్లకన్నా తెలుగు రాసేవాళ్లకు ఎక్కువ చేటు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని తమ బొటనవేలిని అనుమానించడం. అలవాటు లేక రెండుసార్లు నొక్కుతున్నామేమో, గోరు తగులుతోందేమో, నాలుగు రోజులు వాడితే సర్దుకుంటుందేమో అనుకుంటారు. ఆ నాలుగు రోజులూ వారమవుతాయి, వారం నెలవుతుంది. ఫోను మార్చి ఇచ్చే గడువు ఈలోగా దాటిపోతుంది. కొత్త ఫోనులో ఒకే మీట మళ్లీమళ్లీ తప్పుతోందంటే ఆ తప్పు వేలిది కాదు, తయారీది. వేలిని తిట్టుకుంటూ గడిపే ప్రతి రోజూ కొన్నవారికే నష్టం.

రేకు కప్ప లాంటిదే

ఫోను బటన్ కింద ఏముంటుంది? జాతరల్లో పిల్లలకు అమ్మే రేకు కప్ప గుర్తుందా? నొక్కితే 'టిక్' మంటుంది, వదిలితే మళ్లీ 'టక్' మంటుంది. బటన్ కింద ఉండేదీ దాదాపు అదే. పలుచని స్టీలు రేకుతో చేసిన అతి చిన్న గుమ్మటం. రిపేరు చేసేవాళ్లు దాన్ని డోమ్ అంటారు. నొక్కితే గుమ్మటం లోపలికి కుంగి, కిందనున్న రాగి చుక్కను తాకుతుంది. అక్కడ విద్యుత్తు దారి కలుస్తుంది. వదిలితే గుమ్మటం పైకి లేస్తుంది, దారి తెగుతుంది. వేలికి తెలిసే ఆ చిన్న 'టిక్'లోనే బటన్ల ఫోను సుఖమంతా ఉంది. చూడకుండా కొట్టగలగడం దాని పుణ్యమే.

అయితే లోహం లోహాన్ని తాకడం మనం అనుకున్నంత శుభ్రంగా జరగదు. స్టీలు గ్లాసు గచ్చు మీద పడితే ఒక్కసారి మోగి ఊరుకుంటుందా? కాసేపు ఎగిరెగిరి పడుతుంది. డోము కూడా అంతే. తాకిన క్షణంలో కంటికి కనిపించనంత వేగంగా కొన్నిసార్లు అదిరి అప్పుడు కుదురుకుంటుంది. ఇదంతా సెకనులో కొన్ని వేయోవంతుల కాలంలో ముగిసిపోతుంది. మన చెవికి, వేలికి అది ఒక్క నొక్కే. ఫోనులోని చిప్పుకు మాత్రం పది నొక్కుల్లా కనిపించవచ్చు. ఇంజినీర్లు దీన్ని 'బౌన్స్' అంటారు. దీనికి విరుగుడుగా మొదటి తాకిడి తర్వాత కొద్దిసేపు ఆగి, అప్పుడుగానీ అక్షరం వేయవద్దని చిప్పుకు ముందే చెప్పి ఉంచుతారు.

చిక్కంతా ఆ 'కొద్దిసేపు'లోనే ఉంది. డోము కాస్త పక్కకు అతికినా, జిగురు చెమ్మ రాగి చుక్క మీదికి పాకినా, ధూళి రేణువు ఒకటి చిక్కుకున్నా అదురు ఎక్కువసేపు సాగుతుంది. చిప్పు ఆగే సమయం చాలక, మిగిలిన అదురును రెండో నొక్కుగా లెక్కేస్తుంది. అదే కలం కల్లమైన కథ. పోనీ ఆగే సమయాన్ని పెంచేద్దామా అంటే, వేగంగా కొట్టేవాళ్లు నిజంగానే రెండుసార్లు నొక్కిన అక్షరం మాయమవుతుంది. అప్పుడు 'అన్న' రాస్తే 'అన' అవుతుంది. ఈ రెంటి మధ్య సన్నని గీత మీద నడవాలి తయారీదారు.

మరో సంగతి. ముప్పై అయిదు మీటలుంటే ముప్పై అయిదు తీగలుండవు. అడ్డం వరసలు కొన్ని, నిలువు వరసలు కొన్ని. ఏ అడ్డం, ఏ నిలువు కలిశాయో చూసి ఏ అక్షరమో చిప్పు తేల్చుకుంటుంది. అందువల్ల చెడిన తీరును బట్టే జబ్బు ఎక్కడుందో చెప్పవచ్చు. ఒకే మీట మొండికేస్తే డోము. ఒకదానికొకటి సంబంధం లేనట్టుండే నాలుగైదు మీటలు ఒక్కసారే చచ్చిపోతే వాటిని కలిపే గీత తెగి ఉంటుంది, లేదా మీటలను బోర్డుకు కలిపే వంగే పట్టీ, అంటే ఫ్లెక్స్ స్ట్రిప్, బోర్డులో సరిగ్గా కూర్చుని ఉండదు. అన్ని మీటలూ ఆలస్యంగా పలికితే సాఫ్ట్‌వేరును అనుమానించాలి. ఒక మీట నొక్కితే ఇంకో అక్షరం పడుతుంటే, అది కూడా ఎప్పుడూ అదే తేడాతో పడుతుంటే, సెట్టింగుల్లో కీబోర్డు భాషో లేఅవుటో మారి ఉంటుంది. ఇది జబ్బే కాదు, నిమిషంలో సరిచేసుకోవచ్చు.

వాటర్లూ నుంచి వచ్చిన బొటనవేళ్లు

బొటనవేళ్లతో కొట్టే కీబోర్డు అనగానే గుర్తొచ్చేది బ్లాక్‌బెర్రీ. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాటర్లూ అనే ఊరు. 1984లో మైక్ లజారిడిస్, డగ్లస్ ఫ్రెగిన్ అక్కడ రిసెర్చ్ ఇన్ మోషన్ అనే సంస్థను పెట్టారు. పది వేళ్లకోసం పుట్టిన కీబోర్డును రెండు బొటనవేళ్లకు సరిపడేలా కుదించడం ఆ సంస్థ చేసిన పెద్ద పని. బొటనవేళ్లు రెండు పక్కల నుంచి ఏటవాలుగా వస్తాయి కాబట్టి మీటలనూ అటూ ఇటూ వాలుగా అమర్చారు. ఆ సంస్థలోని జేసన్ గ్రిఫిన్ తదితరుల పేరిట ఈ అమరికకు 2001లో అమెరికా పేటెంటు వచ్చింది. 1999లో బ్లాక్‌బెర్రీ 850 బజారులోకి వచ్చింది. అది చూడ్డానికి పేజర్, చేసేది ఈమెయిల్ పని. ఆ తర్వాత పదేళ్లు ఆఫీసరు చేతిలో ఫోనంటే బ్లాక్‌బెర్రీయే.

2007 జనవరిలో ఐఫోన్‌ను పరిచయం చేస్తూ స్టీవ్ జాబ్స్ ఎక్కుపెట్టింది సరిగ్గా ఈ బటన్ల మీదే. అవసరమున్నా లేకున్నా ప్లాస్టిక్‌లో పాతుకుపోయి ఉంటాయన్నది ఆయన ఫిర్యాదు. దానికి జవాబు చెప్పాలన్న తొందరలో బ్లాక్‌బెర్రీ సంస్థ చేసిన పొరపాటు, కొత్త ఫోనులో మీట చెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇప్పటికీ అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ.

ఆ ఫోను పేరు స్టార్మ్. 2008 నవంబరులో అమెరికాలో వెరైజన్ అనే ఫోను సేవల సంస్థ ద్వారా అమ్మకానికి వచ్చింది. దానికి బటన్ల వరసల్లేవు. ఉన్నదంతా తెరే. కానీ 'టిక్' మనే సుఖాన్ని వదులుకోవడం ఇష్టంలేక తెర మొత్తాన్నీ ఒక పెద్ద బటన్‌గా చేశారు. అద్దం కింద మధ్యలో ఒకే ఒక్క మీట. ఏ అక్షరం కావాలన్నా ఆ చోట వేలు పెట్టి తెరనంతా కిందికి నొక్కాలి. ఒక్క అక్షరానికి ఒక్క నొక్కు, ప్రతిసారీ తెర మొత్తం కదలాలి. వేగంగా కొట్టేవాళ్ల వేళ్లకు అది అందుకోలేకపోయింది. మధ్యలో నొక్కితే ఒకలా, మూలన నొక్కితే ఒకలా ఉండేది. సందుల్లో దుమ్ము చేరేది.

జాకీ మెక్‌నిష్, షాన్ సిల్కాఫ్ కలిసి రాసిన 'లూజింగ్ ద సిగ్నల్' అనే పుస్తకం 2015లో వచ్చింది. మొదటి విడతగా వచ్చిన సుమారు 10 లక్షల స్టార్మ్ ఫోన్లలో దాదాపు అన్నిటినీ మార్చి ఇవ్వాల్సి వస్తోందని వెరైజన్ బ్లాక్‌బెర్రీ సంస్థకు చెప్పినట్టు అందులో ఉంది. మార్చి ఇచ్చినవీ వెనక్కి వచ్చాయట. 2023లో మాట్ జాన్సన్ తీసిన 'బ్లాక్‌బెర్రీ' సినిమా కూడా ఈ స్టార్మ్ కథ దగ్గరకే వచ్చి ముగుస్తుంది. స్టార్మ్ వచ్చిన మరుసటి ఏడాది, 2009లో, వచ్చిన స్టార్మ్ 2లో ఆ ఒక్క మీట తీసేసి నాలుగు మూలలా ఒత్తిడిని పసిగట్టే పలకలు పెట్టారు. అప్పటికే జనం వేరేవైపు తిరిగారు. మీట బాగాలేదని ఫోను వెనక్కి తెచ్చిన లక్షల మంది మామూలు కొనుగోలుదార్ల వల్లే ఆ లోపం లెక్కకెక్కిందన్నది ఇక్కడ గమనించాలి. వాళ్లూ వేలిని తిట్టుకుంటూ ఊరుకుని ఉంటే ఆ సంఖ్య ఏ పుస్తకంలోనూ ఉండేది కాదు.

రొట్టె తునక తెచ్చిన తంటా

ఫోను కాకపోయినా చెప్పుకోవాల్సిన ఉదాహరణ ఇంకొకటుంది. 2015లో యాపిల్ తన 12 అంగుళాల మ్యాక్‌బుక్‌లో 'బటర్‌ఫ్లై' అనే కొత్త మీటను పెట్టింది. ల్యాప్‌టాప్ సన్నబడాలని మీట ఎత్తును బాగా తగ్గించారు. ఎత్తు తగ్గేసరికి రొట్టె తునక దూరినా మీట పట్టేసేది. కొన్ని అక్షరాలు పడేవి కావు, కొన్ని రెండేసి పడేవి. ల్యాప్‌టాప్‌ను 75 డిగ్రీల వాలులో పట్టుకుని గాలి డబ్బాతో ఊదమని ఆ సంస్థే సూచన ఇచ్చింది. రెండేళ్లు గొడవపడ్డాక, 2018 జూన్‌లో, అమ్మిన రోజు నుంచి నాలుగేళ్ల దాకా ఆ కీబోర్డులను ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించింది. 2019 నవంబరులో పాత పద్ధతి మీటలకే తిరిగి వెళ్లింది. అమెరికాలో వాడకందారులు వేసిన సామూహిక దావాను 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది.

అంత సొమ్ము, అంత పేరు ఉన్న సంస్థకే ఇన్నేళ్లు పట్టింది. మీట చేయడం తేలికైన పని కాదని ఒప్పుకోవాల్సిందే. అది తేలిక కాకపోవడానికి మూల్యం కొన్నవాళ్లు చెల్లించాలనడం మాత్రం న్యాయం కాదు.

జారుడు కీబోర్డుల సంగతి ఇంకో రకం. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోను టి-మొబైల్ జీ1లో తెరను పక్కకు తోస్తే కింద అయిదు వరసల మీటలు కనిపించేవి. ఇలాంటి వాటిలో తెరనూ మీటలనూ కలిపే ఫ్లెక్స్ స్ట్రిప్ తెరిచి మూసిన ప్రతిసారీ వంగుతుంది. ఏళ్ల తరబడి వాడాక అది చీలడం సహజం. కొత్త ఫోనులో మొదటి వారంలోనే, కాస్త వాలుగా పట్టుకుంటే పనిచేసి నిటారుగా పట్టుకుంటే ఆగిపోతుంటే మాత్రం అది అరుగుదల కాదు, బిగింపు లోపం.

టైపు ఇన్‌స్టిట్యూట్ పరీక్ష

లోయర్, హయ్యర్ పరీక్షలకోసం టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. అక్కడ మిషన్ ముందు కూర్చోగానే సీనియర్లు మొదట చేసేది మిషన్‌ను పరీక్షించడం. ఇంగ్లిషులోని 26 అక్షరాలూ ఒక్కచోట వచ్చే 'ద క్విక్ బ్రౌన్ ఫాక్స్ జంప్స్ ఓవర్ ద లేజీ డాగ్' అనే ఆ నక్క-కుక్క వాక్యాన్ని ఒకసారి కొట్టి, ఏ అక్షరం పడలేదో, ఏది మసకగా పడిందో చూసుకుని, బాగాలేకపోతే ఇంకో మిషన్‌కు మారేవాళ్లు. కొత్త బటన్ల ఫోను విషయంలోనూ ఆ పద్ధతే పాటించాలి. అదీ కొన్న రోజునే.

నోట్స్ యాప్ తెరిచి ఆ వాక్యాన్ని పదిసార్లు కొట్టాలి. తర్వాత ఒక్కో మీటను ఇరవైసార్లు మామూలు వేగంతో నొక్కి, తెర మీద ఇరవయ్యే పడ్డాయా అని లెక్కపెట్టాలి. మీట మధ్యలోనే కాదు, అంచుల దగ్గరా నొక్కి చూడాలి. స్పేస్ బార్‌ను రెండు చివరలా పరీక్షించాలి, ఎందుకంటే పొడవాటి మీటల్లోనే వాలు ఎక్కువ. షిఫ్టు, చెరిపే మీట, నంబర్ల మీట మరవకూడదు. ఇదంతా పావుగంట పని.

తేడా కనిపిస్తే తర్వాతి మెట్టు అది ఫోనుదా, సాఫ్ట్‌వేరుదా అని తేల్చడం. వేరే యాప్‌లో కొట్టి చూడాలి. సేఫ్ మోడ్‌లో ఫోను తెరిచి మళ్లీ కొట్టాలి. అప్పుడు మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు, కాబట్టి అక్కడా మీట తప్పితే యాప్‌ల తప్పు కాదని తేలిపోతుంది. ఓటీజీ తీగతో బయటి కీబోర్డు తగిలించి చూడటం ఇంకా మంచి పరీక్ష. బయటిది సరిగ్గా పనిచేసి ఫోను మీటే తప్పుతుంటే ఇక వాదనే ఉండదు. ఇవన్నీ ఇంకొకరిచేత వీడియో తీయించుకోవాలి. వేలు, మీట, తెర మూడూ ఒకే చట్రంలో కనపడాలి. అప్పుడప్పుడూ వచ్చే లోపం సర్వీస్ సెంటరు బల్ల మీద పెట్టగానే మాయమవడం మామూలే. అక్కడ సాక్ష్యం ఆ వీడియోనే.

కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లలో 'బౌన్స్ కీస్' అనే సదుపాయం ఉంది. చేతులు వణికేవారికోసం పెట్టిన మంచి ఏర్పాటు అది. ఒకే మీట వెంటవెంటనే రెండుసార్లు పలికితే రెండోదాన్ని వదిలేస్తుంది. జంట అక్షరాల బాధకు తాత్కాలికంగా పనికొస్తుంది. దాన్నే శాశ్వత వైద్యం చేసుకుని లోపమున్న ఫోనును ఉంచేసుకోవడం మాత్రం తగదు. డోము అదురు నెలలు గడిచేకొద్దీ పెరిగే అవకాశమే ఎక్కువ. పైగా ద్విత్వాలతో నిండిన తెలుగుకు రెండో నొక్కు తప్పనిసరి.

చేయకూడని పనులు కూడా ఉన్నాయి. మీట సందులో సూది పెట్టి కెలకడం, శానిటైజర్ చుక్కలు వేయడం, పక్క వీధి షాపులో ఫోను విప్పించడం వారంటీ ఉన్నన్నాళ్లూ వద్దు. ఫోను లోపల తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్లుంటాయి. తెల్లగా ఉన్నది ఎర్రబడిందంటే 'నీళ్లలో పడింది' అని ఒకే మాటతో వెనక్కి పంపేస్తారు. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల డోములు కడిగి, స్ట్రిప్ మార్చి, చచ్చిన కీబోర్డును బతికించగల చేయి తిరిగిన కుర్రాళ్లున్నారు. వారి పనితనానికి దండం పెట్టాల్సిందే. కానీ వాళ్ల దగ్గరికి వెళ్లాల్సింది వారంటీ తీరిన పాత ఫోనుతో, నిన్న కొన్న ఫోనుతో కాదు.

బిల్లులో ఏముంది?

సర్వీస్ సెంటరుకు వెళ్తే తరచుగా వినిపించేవి రెండు మాటలు. 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం, వాడి చూడండి' అన్నది ఒకటి. 'కీబోర్డు మార్చి ఇస్తాం, పార్టు రావాలి' అన్నది రెండోది. మొదటిదానికి ఒకసారి ఒప్పుకోవచ్చు. రెండుసార్లు ఒప్పుకుంటే గడువు కరిగిపోతుంది. ఎన్నిసార్లు వెళ్లినా ప్రతిసారీ జాబ్ షీట్ తీసుకోవాలి. అందులో 'కీబోర్డు సమస్య' అని పొడిగా కాకుండా 'ఎల్ మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది' అని స్పష్టంగా రాయించుకోవాలి. నోటిమాటకు విలువ లేదు, కాగితానికి ఉంది.

చట్టం ఈ విషయంలో కొన్నవాళ్ల పక్షానే ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, అలా ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుందని ఆ చట్టం చెబుతోంది. ఆన్‌లైన్ అమ్మకాలకోసం 2020లోనే విడిగా నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలో పరిష్కరించాలి. అంతటితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఫోను ఎక్కడ కొన్నా సరే, తాము ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. వస్తువు విలువ 5 లక్షల రూపాయలలోపైతే రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిబంధనా లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల వరకు గడువుంది. లోపం ఉందో లేదో తేలాలంటే వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం కూడా కమిషన్‌కు ఉంది.

ఈ రక్షణ అందని దారి ఒకటుంది. ఇవాళ్టి బటన్ల ఫోన్లు ఎక్కువగా ఆ దారిలోనే వస్తున్నాయి. టీసీఎల్ తయారుచేసిన బ్లాక్‌బెర్రీ కీవన్, కీ2 ఫోన్ల అమ్మకాలు 2020 ఆగస్టుతో ఆగాయి. సొంత సాఫ్ట్‌వేరుతో నడిచిన పాత బ్లాక్‌బెర్రీలకు 2022 జనవరి 4న సేవలే నిలిచిపోయాయి. ఆ తర్వాత ఈ రంగంలో నిలిచినవి చిన్న సంస్థలు. షాంఘైకి చెందిన యూనిహెర్ట్జ్ తన టైటాన్ ఫోన్లను కిక్‌స్టార్టర్ ద్వారా జనం దగ్గర ముందే సొమ్ము సేకరించి తయారుచేసింది. బ్రిటన్‌కు చెందిన ప్లానెట్ కంప్యూటర్స్ జెమిని కూడా అలాంటి పద్ధతిలోనే పుట్టింది. అలా కట్టే సొమ్ము కొనుగోలు కాదని, ఒక ప్రయత్నానికి ఇచ్చే మద్దతని కిక్‌స్టార్టర్ స్వయంగా చెబుతుంది. ఇక డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బంధువు సూట్‌కేసులో తెప్పించుకున్న ఫోనుకైతే వారంటీ చాలాసార్లు ఆ దేశానికే పరిమితం. ఇక్కడికొచ్చాక మీట తప్పితే పంపే ఖర్చు, సుంకాలు, ఎదురుచూపులు అన్నీ మనవే. అందుకని అలా తెప్పించుకునేవారు అక్కడే, వాపసు గడువు ఉండగానే, ఆ బంధువుచేత పావుగంట పరీక్ష చేయించాలి. అక్కా, ఒకసారి ఆ వాక్యం పదిసార్లు కొట్టి చూడవా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

బటన్ల ఫోను కావాలనుకునేవాళ్లు తక్కువే కావచ్చు, కానీ వాళ్ల కోరికలో అర్థముంది. చూపు సరిగా లేనివారికి వేలికి తగిలే మీట ఒక ఆసరా. రోజంతా పొడవాటి ఉత్తరాలు రాసేవారికి అది విశ్రాంతి. అలాంటివారు ఏరికోరి కొన్న వస్తువు ఒక్క డోము వల్ల పెట్టెలోకి చేరకూడదు.

కొత్త బటన్ల ఫోను చేతికొచ్చినవాళ్లు పెట్టెను, బిల్లును కనీసం నెలరోజులు దాచండి. మొదటి సాయంత్రమే అన్ని మీటలూ నొక్కి చూడండి. తప్పు కనిపిస్తే మర్నాడే దుకాణానికి వెళ్లండి. అక్కడ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.